బోరు తొలినీళ్ళు

వెంకమ్మకు ఆమె బావ జానకిరామయ్యంటే పడదు. పడదన్నది చాలా చిన్న మాట. ఆయన గట్టిగా దగ్గితే ఈమెకు ఒళ్ళు మండుతుంది, ఈమె నవ్విందని తెలిస్తే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో కాస్త లోపలికి ఉన్న గుట్టలపాడులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఇద్దరివీ పక్కపక్క పొలాలు, మధ్యలో ఒక గట్టు, గట్టు పొడవునా ముళ్ళకంచె. కంచె వేయించింది ఆయన. దాన్ని ఇంకాస్త దట్టం చేసింది ఈమె.

పగంతా నీళ్ళ దగ్గర మొదలైంది. వెంకమ్మ మొగుడు వీరయ్య, జానకిరామయ్యకు సొంత తమ్ముడు. పంపకాలయ్యాక వీరయ్య తన చేలో బోరు వేస్తే పుష్కలంగా నీళ్ళు పడ్డాయి. మరుసటేడే అన్నగారు గట్టుకు అవతల, రాయి విసిరితే తగిలేంత దగ్గరలో, అంతకన్నా లోతుగా ఇంకో బోరు దింపాడు. ఆ వేసవికి వీరయ్య బోరు ఎండిపోయింది. కాపు మీదున్న మిరపతోట నిలువునా వడిలింది. వీరయ్య నోట్లో నాలుక లేని మనిషి. అన్నను ఒక్క మాట అనలేక నాపరాయి క్వారీలో కూలికి పోయాడు, ఆ రాతిదుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి పీల్చుకుని కొన్నేళ్ళకు కన్నుమూశాడు. అనలేనివాడు పోయాడు గాని అనగలిగిన పెళ్ళాం మిగిలింది. అప్పటి నుంచి ఊరంతా వినేలా అంటూనే ఉంది. ఇంత జరిగినా ఆయన్ని పలకరించక తప్పనప్పుడు మాత్రం ‘బావా’ అనే అంటుంది. పగ పగే, వరస వరసే.

ఈ ఏడు మే నెలలో జానకిరామయ్య బోరు కూడా చేతులెత్తేసింది. మోటారు వేస్తే కాసేపు గాలి, కాసేపు బురద. ఆయన బత్తాయి తోట ఆకు ముడుచుకుంది, పిందె రాలిపోతోంది. ఆ కబురు తెలిసిన రోజున వెంకమ్మ పాయసం వండుకుందని ఊళ్ళో చెప్పుకున్నారు. అది అబద్ధం. ఇంట్లో బెల్లం లేక వండుకోలేదంతే.

జానకిరామయ్య కొడుకు బాబీ ఫోన్లో వెతికి వెతికి నరసరావుపేటలో ఒక లారీని పట్టుకొచ్చాడు. దాని మీద పెద్ద పంపు, చుట్టలు చుట్టిన గొట్టాలు. దాని యజమాని సాయిబాబు. కొత్త బోరు వేయకుండా పాతదాన్నే బతికించడం అతని వృత్తి. బోరులోకి గొట్టం దింపి, పైన రబ్బరు బిరడా బిగించి, నీళ్ళను విపరీతమైన ఒత్తిడితో లోపలికి కొడతాడు. ఆ దెబ్బకు రాతిలో మూసుకుపోయిన పగుళ్ళు విచ్చుకుని పక్కనెక్కడో ఉన్న జల ఇటు దారి పడుతుంది. అంతా బాగానే ఉంది గాని, కొట్టడానికి ముందు చేతిలో నీళ్ళుండాలి. ఒకటీ అరా బిందెలు కాదు, ట్యాంకర్లకు ట్యాంకర్లు.

నీళ్ళెక్కడివి? సాగర్ కాలువ కట్టేసి చాలా రోజులైంది. ఊరికి మిగిలిందల్లా మంచినీళ్ళ చెరువు. అది కూడా అడుగంటి, మోకాలి లోతుకు దిగింది. మళ్ళీ కాలువ వదిలేదాకా మనుషులు తాగాల్సింది అవే. జానకిరామయ్య ఊళ్ళో పెద్దమనిషి. అడిగితే కాదనేవాళ్ళు లేరన్న ధీమాతో, అడక్కుండానే, గురజాల నుంచి ఇస్మాయిల్ ట్యాంకర్ని పిలిపించి చెరువు మీదికి తోలించాడు. ఇస్మాయిల్ వేసవంతా ట్యాంకరు తోలుతాడు, మిగతా రోజుల్లో బోరు మోటార్లు దింపుతాడు, తీస్తాడు.

ట్యాంకరు చెరువుకట్ట ఎక్కేసరికి దాని ముందు టైరుకు వీపు ఆనించి వెంకమ్మ కూర్చుంది. లేవమని ఇస్మాయిల్ బతిమాలాడు, వినలేదు. కాసేపటికి బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే పక్కన చేరారు. వాళ్ళకు వెంకమ్మ మీద ప్రేమేమీ లేదు. ఆమె నోటికి జడిసి దూరంగా ఉండేవాళ్ళే అందరూ. కానీ నీళ్ళ మీద మాత్రం ప్రేముంది. జానకిరామయ్య వచ్చేటప్పటికి అది చిన్నసైజు ధర్నా అయింది. వెనకాలే సాయిబాబు కూడా వచ్చి నిలబడ్డాడు.

“లేవే అక్కణ్ణించి. నా తోట పచ్చగుంటే నీకు కడుపుమంటని ఊరందరికీ తెలుసు,” అన్నాడు జానకిరామయ్య.

“అవును, మంటే. రాళ్ళు పగలగొట్టటానికి ఊరోళ్ళు తాగే నీళ్ళే కావాల్సొచ్చినయ్యా బావా నీకు? క్వారీ గుంటలో లేవా నీళ్ళు? అయ్యి తోడుకుపో.”

అది ఎత్తిపొడుపు. ఎవరైనా దాన్ని నిజంగా పట్టించుకుంటారని ఆమె కూడా అనుకోలేదు. ఊరి వెనక ఉన్న ఆ గుంట, మూతపడ్డ నాపరాయి క్వారీ. లోతెంతో ఎవరూ చూడలేదు. రాళ్ళు పాలిష్ పట్టే షెడ్ల నుంచి వచ్చే తెల్లటి బురదంతా అందులోకే పోతుంది. లారీలు అక్కడే కడుగుతారు. క్వారీ మూసేసిన రోజున మిగిలిపోయిన పేలుడు మందు బస్తాలు కూడా అందులోకే దొర్లించారు. కిందటి వేసవిలో వెంకమ్మ గేదె తాడు తెంపుకుని పోయి ఆ నీళ్ళు తాగింది. ఇంటికి వచ్చేలోపలే కాళ్ళు తడబడి, నాలుక నల్లబడి, దారిలోనే కూలిపోయింది. పశువును కట్టేసుకోవడం చేతకాదని జానకిరామయ్య అప్పుడు రచ్చబండ దగ్గర నవ్వాడు. ఆ నవ్వు కూడా వెంకమ్మ లెక్కలో ఉంది.

సాయిబాబు మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. రాయికి నాలుక ఉండదు, ఏ నీళ్ళయినా ఒకటేనన్నాడు. జాలీ పెట్టి వడగట్టి కొడితే గుంట నీళ్ళతో పని అయిపోతుంది, మంచినీళ్ళు మిగులుతాయి. అయితే ఒక్కటే షరతు. మోటారు దింపాక ఎక్కించిన నీళ్ళన్నీ మళ్ళీ బయటికి తోడేయాలి. ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా తోడి, ఎక్కడో దూరంగా పారబోసి, ఆ తర్వాత వచ్చేవే వాడుకోవాలి. కట్ట మీదున్న వాళ్ళంతా ఆ మాట విన్నారు. జానకిరామయ్య కూడా విన్నాడు. విన్నాడు గాని ఆ సమయంలో ఆయన చెవుల్లో వేరే హోరు ఉంది. ఆడవాళ్ళ ముందు, అందులోనూ తమ్ముడి పెళ్ళాం ముందు, ట్యాంకరు వెనక్కి తిప్పించుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ భయంతో ఆయనకు ఎదురుపడలేదట.

వెంకమ్మకు మాత్రం ఆ రాత్రి కమ్మగా నిద్ర పట్టింది.

మర్నాడు ఇస్మాయిల్ ట్యాంకరు గుంటకూ బోరుకూ మధ్య తిరిగింది. వెంకమ్మ తన చేలో కలుపు తీస్తున్నట్టు నటిస్తూ కంచె సందుల్లోంచి అంతా చూసింది. ఎండిన చేలో కలుపెక్కడిదని ఎవరూ అడగలేదు. లారీ మీద పంపు గొంతు చించుకుంది. గొట్టాలు బిగుసుకున్నాయి, మీటరులో ముల్లు పైపైకి పోయింది, కాళ్ళకింద నేల సన్నగా అదిరింది. ఉన్నట్టుండి ముల్లు ఒక్కసారి కిందికి పడిపోయింది. రాయి విచ్చుకుందని సాయిబాబు బొటనవేలు పైకెత్తి చూపించాడు. బాబీ ఈల వేశాడు. సాయిబాబు ఇంకో రెండు చోట్ల బిరడా మార్చి కొట్టి, తోడి పారబోసే సంగతి బాబీకి మళ్ళీ ఒకసారి చెప్పి, క్రోసూరులో ఇంకో బోరు ఉందని లారీ కట్టేసుకుని వెళ్ళిపోయాడు.

తెల్లవారి పొద్దున్నే ఇస్మాయిల్ మోటారు దింపాడు. అప్పటికే బోరు చుట్టూ పేడనీళ్ళు చల్లి ముగ్గేశారు. బోరు గొట్టానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టారు. పసుపు రాసిన ఇత్తడి బిందె పైపు కింద సిద్ధంగా పెట్టారు. బంధువులూ, ఇరుగుపొరుగూ పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. అది చూసి ఇస్మాయిల్ చేతులు తుడుచుకుంటూ, ముందు వచ్చేవి నిన్న పోసిన గుంట నీళ్ళేనని, పూజ రేపు పెట్టుకోమని జానకిరామయ్యకు మెల్లిగా చెప్పాడు.

“మనం పంపింది గుంట నీళ్ళు. వచ్చేది గంగమ్మ. భూమితల్లి కడుపులోకి పోయినాక ఇంకా గుంట నీళ్ళెట్టయితయ్యిరా?” అన్నాడు జానకిరామయ్య.

 వేరేవాళ్ళ పూజలో వేలు పెట్టి మాట పడటం ఇస్మాయిల్‌కు ఇష్టం లేదు. పనిముట్లు సర్దుకుని, బండెక్కి, గురజాల దారి పట్టాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బోరులో తొలినీళ్ళు నేలపాలు కాకూడదు. వాటిని పసుపు బిందెలో పట్టాలి, ఇంటి పెద్ద ఒక గ్లాసు ముంచి కళ్ళకద్దుకోవాలి, ఇంట్లో కడుపుతో ఉన్న ఆడమనిషి ఉంటే పరగడుపున మొదట ఆమె తాగాలి. కాన్పు తేలికవుతుందని నమ్మకం. ఆ తర్వాతే మగవాళ్ళు, పిల్లలు, వచ్చిన వాళ్ళు. వీరయ్య బోరు పడ్డ రోజున ఆ గ్లాసు అందుకుంది వెంకమ్మే. ఇప్పుడు అందుకోవాల్సింది బాబీ పెళ్ళాం సౌందర్య. నెలలు నిండుతున్నాయి. కుర్చీ వేసి కూర్చోబెట్టారు ఆ పిల్లను.

వెంకమ్మ గట్టు మీదకు వచ్చి నిలబడింది. ఎవరూ పిలవలేదు, తన గట్టు తనిష్టం. బాబీ స్విచ్చి వేశాడు. మోటారు మూలిగింది, పైపు రెండుసార్లు గాలి కక్కింది, తర్వాత లావాటి ధార బిందెలోకి దూకింది. అందరూ చప్పట్లు కొట్టారు. నీళ్ళు తెల్లగా, మజ్జిగ తేటలా ఉన్నాయి. పల్నాట సున్నపురాయిలో పడ్డ ఏ బోరయినా మొదట తెల్లగానే పోస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

జానకిరామయ్య గ్లాసు ముంచాడు. ఆ గ్లాసు పైకి లేస్తుంటే వెంకమ్మ చూపు ఆయన గొంతు మీద నిలిచింది. ఆయన ఏం ముంచాడో ఆమెకు తెలుసు. గేదె నాలుక గుర్తుకొచ్చింది, దాంతోపాటే రచ్చబండ దగ్గరి నవ్వూ గుర్తుకొచ్చింది. వీరయ్య దగ్గు గుర్తుకొచ్చింది. తాగు, అనుకుంది. ఆమె మనసులో ఇంకో మాట లేదు. దయ గాని, భయం గాని లేవు. ఎన్నేళ్ళుగానో ఆకలి మీదున్న మనిషికి విస్తరి వేసినట్టు ఉంది ఆమెకు. గట్టు మీద అలాగే నిలబడింది.

ఆయన గ్లాసును కళ్ళకద్దుకుని సౌందర్య వైపు తిరిగాడు.

ఆచారం తెలిసి కూడా వెంకమ్మ ఆ సంగతే మరిచిపోయింది. ఆయన గొంతు మీద పెట్టిన చూపు పక్కకు తిప్పలేదు మరి. సౌందర్య నుదుట ఎవరో కుంకుమ పెడుతున్నారు. ఆ పిల్ల చేతులు రెండూ దోసిలి పట్టింది.

“తాగొద్దే! అయ్యి గుంట నీళ్ళు!” అని వెంకమ్మ కేక పెట్టింది.

అందరూ తిరిగి చూశారు. ఎవరు అరిచారో చూశాక ముఖాలు మళ్ళీ అటు తిప్పుకున్నారు. పచ్చగా ఉంటే ఓర్వలేదని ఒకామె, శుభమా అని చేసుకుంటుంటే అపశకునమని ఇంకొకామె. సౌందర్యే తలెత్తి, “చిన్నత్తా, ఈ ఒక్కపూటన్నా నోరు మూసుకో,” అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ గట్టు అవతలి నుంచి శాపనార్థాలు తప్ప ఒక మంచి మాట విన్నది లేదు.

వెంకమ్మ ముళ్ళకంచెలోంచి దూసుకుపోయింది. చీర చిరిగింది, చేతులు గీసుకుపోయాయి. తాను దట్టంగా కట్టిన కంచే తనను పట్టుకుని ఆపబోయింది. వెళ్ళిన ఊపులో గ్లాసును చేత్తో కొట్టింది. అది ఎగిరి పడింది. దాంతో పని కాదని ఆమెకు తెలుసు. ఇంకో గ్లాసు ముంచుతారు. తనను గట్టు అవతలికి ఈడ్చేసి, దిష్టి తీసి, మళ్ళీ మొదలుపెడతారు. తన మాట చస్తే నమ్మరు. ఆ ఇంటి కోడలిగా ఆమెకు తెలిసిన ఉపాయం ఒక్కటే. కాలి చెప్పు తీసి, పేడా మట్టీ అంటుకున్న ఆ చెప్పును పసుపు బిందెలో ముంచింది. రెండో చెప్పుకాలు తీసుకెళ్ళి ధార కింద పెట్టింది.

 బాబీ వచ్చి ఆమెను రెండు చేతులతో తోసేశాడు. ఆమె బోరు గొట్టం మీద పడింది. కుడి మణికట్టు విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది. ఆడవాళ్ళు జుట్టు పట్టుకున్నారు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టారు. ఎవరో వీడియో తీశారు. మధ్యాహ్నానికి అది గురజాల దాకా పాకింది, గంగమ్మను చెప్పుతో కొట్టిన ఆడదాన్ని చూడండంటూ.

ఆ నీళ్ళు ఎవరూ ముట్టలేదు. మైలపడ్డ నీళ్ళు పోయేదాకా తోడమని జానకిరామయ్యే చెప్పాడు. మోటారు పగలూ రాత్రీ నడిచింది. సాయిబాబు చెప్పినప్పుడు చేయని పని, వెంకమ్మ చెప్పుతో జరిగింది. పారే నీళ్ళు కాలవ పట్టి వాగులోకి పోయాయి. పోయే దారిలో కొట్టం పక్కనున్న కుడితి తొట్టి నిండింది. పశువులకు మైలేమిటని ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి జానకిరామయ్య ఒంగోలు కోడెదూడ ఆ తొట్టి పక్కన కూలబడింది. ఆయన పరుగెత్తుకు వెళ్ళేసరికి నాలుక నల్లబడి బయటికి వేలాడుతోంది. ఆయన చాలాసేపు దాని దగ్గరే కూర్చున్నాడు. తర్వాత పాలేరును పిలిచి, పురుగు ముట్టిందని, అంటే పాము కరిచిందని చెప్పి, తోట చివర గొయ్యి తీయించి పాతిపెట్టించాడు.

మర్నాడు నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటగా వచ్చాయి. మళ్ళీ ముగ్గేశారు, మళ్ళీ పసుపు పూశారు. సౌందర్య తాగింది, అందరూ తాగారు. వెంకమ్మ చెప్పు పెట్టినా గంగమ్మ అలగలేదని, జానకిరామయ్య పుణ్యం అలాంటిదని ఊరు మెచ్చుకుంది. ఆదివారానికి పంచాయితీ పెట్టుకున్నారు, తీర్పు మాత్రం ముందే అనుకున్నారు. వెంకమ్మ బోరును పసుపు నీళ్ళతో కడిగి, అందరి ముందూ సాగిలపడి తప్పయిందని చెప్పుకోవాలి. లేదంటే ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ బందు, చెరువులో బిందె ముంచనివ్వరు. ఏ చెరువు కోసం టైరు ముందు కూర్చుందో ఆ చెరువులోనే. ఆ రోజు ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్ళే ఈ మాట ముందు అన్నారు.

దానికి ముందు రోజు, శనివారం పొద్దు వాలే వేళ జానకిరామయ్య వెంకమ్మ గుమ్మంలోకి వచ్చాడు. తమ్ముడి శవం లేచిన రోజు తర్వాత ఆ గడప దగ్గరికి రావడం అదే. వెంకమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కూర్చోమనలేదు. ఆయన కూర్చోలేదు. దూడ సంగతి చెప్పాడు. ఎలా పడిందో, నాలుక ఎలా ఉందో, ఎక్కడ పాతిపెట్టాడో, అంతా నేల చూపులు చూస్తూ చెప్పాడు.

“ఆ నీళ్ళల్లో ఏముందో నాకు తెలిసింది. కానీ రేపు నేను తప్పు నీదే అంటా. నా చేత్తో నా కోడలికి అయ్యి తాపబోయానని ఊరికి తెలిస్తే నేను తలెత్తుకోలేను. నువ్వు నోరెత్తొద్దు. సాగిలపడి లేచెయ్. నీ చేలోకి పైపు నేనేయిస్తా. మిరపేసుకో.”

వీరయ్య బతికుండగా ఆ మాట వచ్చుంటే ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేది. వెంకమ్మ తొడిమ తీయడం ఆపలేదు. నీ నీళ్ళతో పండిన కాయ నాకు విషమంది. రేపు సాగిలపడేది లేదు, జరిగింది ఊరికి చెప్పేదీ లేదంది. చెప్పినా ఎవరు నమ్ముతారంది. చెరువులో ముంచనివ్వకపోతే పక్కూరి నుంచి మోసుకొస్తానంది. ఒంటిచేత్తోనా అని ఆయన అడగబోయి ఆగిపోయాడు.

వెళ్ళడానికి తిరిగి, గడప దగ్గర నిలబడిపోయాడు. ఆయన గొంతు మెత్తబడింది. అది వెంకమ్మకు దూడ కబురు కన్నా వింతగా తోచింది.

“ఎన్నున్నా నువ్వు మా ఇంటి మనిషివే వెంకమ్మా. మా మంచి కోరేగదా అంత పని చేశావు.”

వెంకమ్మ చేతిలో మిరపకాయ చాటలో పడేసి తలెత్తింది.

“నీ మంచి కాదు. గ్లాసు నీ చేతికొచ్చినప్పుడు గట్టు మీదే ఉన్నా. నువ్వు తాగుతావని చూస్తా నిలబడ్డా బావా. తాగుంటే నోరెత్తేదాన్ని కాదు.”

జానకిరామయ్య ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. ఇన్నేళ్ళలో ఆమె అన్న మాటల్లో ఆయన నమ్మింది అదొక్కటే. తలూపి, చెప్పులు వేసుకుని, అన్నట్టే తప్పు ఆమెదని పంచాయితీ మనుషులతో చెప్పడానికి వెళ్ళిపోయాడు.